దివాణంలో ఒక రాత్రి

దివాణంలో పడుకోవడం అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. దివాణానికి వెళ్ళడం, దివాణంలో దంచడం, దివాణం నించి రావడం. అమ్మమ్మ మాటల్లో ఈ మూడే ఉండేవి. పొద్దున్నే వెళ్ళి దీపాలవేళకి వచ్చేసేది కాబట్టి నాలుగో మాట అవసరం రాలేదు. పెళ్ళయి విజయవాడ వచ్చాక వన్ టౌన్‌లో, కొత్తపేట కొండవాలున మెట్లెక్కి వెళ్ళే రెండు గదుల ఇంట్లో ఆమె జీవితమంతా గడిచింది. తాతయ్య గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు, ఆమె కాళేశ్వరరావు మార్కెట్లో ఉల్లిపాయలు ఏరేది. అయినా ‘మన పని’ అన్నదంటే దంపుడే. ఉల్లిపాయలు ఆమె లెక్కలో పని కాదు.

పోయిన చలికాలం ఆ దివాణంలో ఒక రాత్రి పడుకున్నాను. ఊరి పేరు రాయను. రాయొద్దని ఇంటివాళ్ళు కోరారు. కృష్ణా డెల్టాలో కాలువ పక్కన చిన్న జమీ అంటే చాలు. ఇంటి పెద్దావిడకి ఎనభై అయిదేళ్ళు. అమెరికాలో ఉన్న మనవలు ఆ ఇంటిని బాగుచేయించి, రాత్రికింతని అద్దె తీసుకుని అతిథుల్ని దింపుకునే చోటుగా మార్చాలనుకుంటున్నారు. ఆ లోపు భోషాణాల్లో ఉన్న పాత కాయితాలు ఎవరైనా చదవగలిగినవాళ్ళు చూసి, దాచాల్సినవి దాచమంటే బాగుండునని పెద్దావిడ అన్నారట. తెలిసిన లెక్చరర్ ఒకామె నా పేరు చెప్పింది. ఊరి పేరు వినగానే ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో వాళ్ళకి చెప్పలేదు.

ఇంటి ముందు పెద్ద సింహద్వారం ఉంది కానీ లోపలికి దారి అది కాదు. దాని వెనకున్న కచేరీ సావిడి పైకప్పు కూలిపోయి చాలా కాలమైంది, దూలాల మీద రావిమొక్కలు మొలిచాయి. పక్క సందులోంచి ఒక చిన్న వీధిగుమ్మం ఉంది. అందులోంచి వెళితే మండువా లోగిలి, చుట్టూ నల్లబడిన టేకు స్తంభాలు, గచ్చు అరుగులు. పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. మంచినీళ్ళిచ్చాక మొదటి ప్రశ్న, “మీరేవిట్లమ్మా?”

“విజయవాడ వన్ టౌన్ అండీ” అన్నాను. కులం అడిగితే ఊరు చెప్పడం నాకు చిన్నప్పటి నించీ అలవాటు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆవిణ్ణి ఏమని పిలవాలో తేలలేదు. డ్రైవరు ‘రాణీగారు’ అంటున్నాడు. అమ్మమ్మ అయితే ‘దొరసానమ్మ’ అనేది. నేను ‘అమ్మగారు’ అన్నాను. ఆ మాట ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళూ అంటారు, కాలేజీలో అటెండర్లు మమ్మల్నీ అంటారు. ఎటైనా సరిపోతుందని అనుకున్నాను.

సింహద్వారం కథ ముందు చెప్పాలి. కచేరీ కూలిపోయి లోగిలి నిలిచి ఉండటం యాదృచ్ఛికం కాదు. జమీందారీలను రద్దు చేసిన 1948 మద్రాసు ఎస్టేట్ల చట్టంలో 18వ సెక్షన్ భవనాల గురించి మాట్లాడుతుంది. ఎస్టేటు పాలన కోసం ఆఫీసుగా మాత్రమే వాడిన కట్టడం ప్రభుత్వానికి చెందుతుంది. మిగతా ప్రతి భవనం ఎవరిదో వాళ్ళకే ఉంటుంది. శిస్తు వసూలు చేసిన, రైతుల్ని నిలబెట్టి అడిగిన ముందు భాగం సర్కారుదయింది. ఈ ఊళ్ళో అది కొన్నాళ్ళు గ్రామ కచేరీగా ఉండి, తర్వాత ఎవరికీ కాకుండా పోయింది. ఇంటివాళ్ళకి మిగిలింది అంతఃపురం. అంటే జమీందారీ వైభవం చూడ్డానికి రేపు డబ్బిచ్చి వచ్చేవాళ్ళకి చూపించబోయేది, ఒకప్పుడు పరాయి మగవాడు అడుగుపెట్టకూడని ఆడవాళ్ళ వైపు.

ఈ ఇళ్ళ చరిత్ర మనకి మగవాళ్ళ పేర్లతోనే తెలుసు. 1802 శాశ్వత పైసలా, పేష్కష్‌లు, బిరుదులు. నూజివీడు మేకా వారి అప్పారావులు, దేవరకోట ఎస్టేటుకి అధిపతులైన చల్లపల్లి యార్లగడ్డ వారు, అమరావతి కట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, వాసిరెడ్డి వారిలోనే ముక్త్యాల రాజా. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా మాగాణి విలువ మారిపోయింది. దాంతో పాటు వారసత్వం ఎవరిదన్న తగవులకీ విలువ పెరిగింది. నూజివీడు పంచుకోదగిన ఆస్తా కాదా, దేవరకోటలో పెద్దవాడు ఏలుతుంటే తమ్ముళ్ళకి మనోవర్తి ఎంత లాంటివన్నీ లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళాయి. నూజివీడు ఆరు ముక్కలయింది. దేవరకోట ముక్కలు కాలేదు.

ఆడవాళ్ళు కనిపించేది ఆ తగవుల్లోనే. లా చదివినవాళ్ళు ఇప్పటికీ ‘రుంగమ వర్సెస్ అచ్చమ’ అని ఒక కేసు చదువుతారు. 1846 నాటి ప్రివీ కౌన్సిల్ తీర్పు అది. దత్తుడొకడు బతికుండగా రెండో దత్తత చెల్లదని తేల్చింది. అది మన వాసిరెడ్డి వారి కేసు. వెంకటాద్రి నాయుడు ఇద్దరిని దత్తత తీసుకోవడంతో మొదలై, ఆయన 1816లో పోయాక ముప్ఫై ఏళ్ళు నడిచింది. మన రంగమ్మా అచ్చమ్మా ఇంగ్లీషు కాయితాల్లో అలా మారిపోయారు. దేశమంతా దత్తత చట్టం వాళ్ళ పేర్లమీద నడిచింది. ఆ కేసులో ప్రశ్న మాత్రం ఏ కొడుకు కొడుకవుతాడన్నదే. పేరు ఆడవాళ్ళది, ప్రశ్న కొడుకుది.

మాట కూడా వాళ్ళది కాదు. ఆచారం ప్రకారం బయటికి రాని స్త్రీలను కోర్టుకి రప్పించకూడదని 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. మర్యాదే, కాదనను. కానీ ఆ మర్యాద వల్ల జరిగిందేమిటంటే, ఆస్తి కోసం జీవితకాలం వ్యాజ్యం నడిపిన స్త్రీలు కూడా తమ మాట తెర వెనక నించి, మరొకరి చేతిరాతలో చెప్పుకోవాల్సి వచ్చింది. పైగా గెలిచినా వితంతువుకి దక్కేది బతికున్నంతకాలం అనుభవించే హక్కే. అమ్ముకోవడానికీ ఇష్టమైనవాళ్ళకి రాసుకోవడానికీ లేదు. అది మారింది 1956 హిందూ వారసత్వ చట్టంతో. అప్పటికి జమీలు లేవు.

“నేనొచ్చేటప్పటికి జమీ పోయింది, ఘోషా మిగిలింది” అన్నారు పెద్దావిడ. 1957లో పదహారేళ్ళ వయసులో కాపురానికి వచ్చారట. అదే ఏడాది బెజవాడలో ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. కాలవల మీద జనం తిరుగుతున్నారు, ఆడపిల్లలు సైకిళ్ళెక్కి బడికి పోతున్నారు. ఈ ఇంట్లో మాత్రం బండికి తెరకట్టకుండా కోడలు గుడికి వెళ్ళలేదు. ఏలడానికి ఏమీ మిగలనప్పుడు పరువు చూపించుకోవడానికి మిగిలింది ఆడవాళ్ళే కాబోలు.

ఇదే జమీందారీ వర్గంలోకి తెర లేని స్త్రీ ఒకామె వచ్చింది. నూజివీడు చీలికల్లో ఒకటైన మీర్జాపురం రాజా, మేకా వెంకట్రామయ్య అప్పారావు, భూమి డబ్బుని మద్రాసు తీసుకెళ్ళి సినిమాల్లో పెట్టాడు. ఆయన కంపెనీ పేరు శోభనాచల. నూజివీడు పక్క ఆగిరిపల్లి కొండమీది దేవుడి పేరు అది. ఆయన్ని పెళ్ళాడిన నటి సి. కృష్ణవేణి. చిన్నతనంలోనే తెరమీదికి వచ్చిన మనిషి. 1949లో ‘మనదేశం’ తీసి ఎన్.టి. రామారావుని పరిచయం చేసిన నిర్మాత ఆమే. నూరేళ్ళు నిండి 2025 ఫిబ్రవరిలో వెళ్ళిపోయినప్పుడు పత్రికలన్నీ ఎన్టీఆర్‌ని పరిచయం చేసిన మనిషి అనే రాశాయి. స్టూడియో లెక్కలు చూసి, పాటలు పాడి, సినిమాలు నిర్మించిన స్త్రీ గురించి రాయడానికి ఇంకో మగవాడి పేరు కావలసి వచ్చింది. జమీందారీ గురించి ఎన్నో పుస్తకాలు తిరగేశాను. జమీ పోయాక ఆ డబ్బుని ఇంకో పనిగా మార్చిన స్త్రీగా ఆమెని చూసినవాళ్ళు తగల్లేదు.

భోషాణాల్లో కాయితాలు ఎక్కువ లేవు. చెదలు తినగా మిగిలినవి. శిస్తు రసీదులు, మూడు పెళ్ళి శుభలేఖలు, ఒక వకీలు ఉత్తరాలు, 1940ల నాటి చిట్టా ఆవర్జాలు కొన్ని. మధ్యాహ్నం నించి దీపాలవేళ దాకా వాటి ముందే కూర్చున్నాను. చిట్టాలో ఏనుగు మేతకి ఎంతయిందో ఉంది. (ఈ పాటి జమీకి ఏనుగెందుకో నాకర్థం కాలేదు. ఉత్సవాలకి తెప్పించేవారట.) పండక్కి బంట్రోతులకిచ్చిన పంచెలు పేరుపేరునా ఉన్నాయి. మేజువాణీకి వచ్చిన భోగం మేళానికి ఇచ్చిన రూపాయలున్నాయి. నేను వెతుకుతున్న పద్దు కూడా ప్రతి వారం వస్తుంది: ‘దంపుడు ఆడవాళ్ళకు నూకలు, తవుడు’. ఒక్కోసారి ఎంతమందో అంకె ఉంటుంది. ఆరు. ఏడు. మళ్ళీ ఆరు. పేర్లు లేవు. ఏనుక్కి పేరుంది.

అమ్మమ్మ అక్కడ చేరింది 1950 తర్వాత కాబట్టి ఆమె ఈ లెక్కల్లో ఉండే అవకాశం ఎటూ లేదు. వాళ్ళమ్మ ఉండి ఉంటుంది, ఆ ఆరుగురిలోనో ఏడుగురిలోనో. అది తెలిసే వెతికాను. పరిశోధకురాలిగా ఇది సరైన పద్ధతి కాదనీ తెలుసు. నా డాక్టరేటు భండారు అచ్చమాంబ తరం రచయిత్రుల మీద. 1874లో నందిగామ ప్రాంతంలో పుట్టి, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అచ్చువేసి, 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టిన మనిషి కోసం లైబ్రరీలన్నీ తిరిగాను. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ని క్లాసులో పాఠంగా చెప్పాను. చదువుకోని స్త్రీల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, అడిగి రాయడమే చరిత్ర అని పిల్లలకి చెప్పాను. కొత్తపేట మెట్లు ఎక్కి అమ్మమ్మని ఒక్కసారి కూర్చోబెట్టి అడగలేదు. సెలవులకి వెళ్ళినప్పుడు ఆమె చెప్తుంటే “ఊఁ” అంటూ నోట్సు రాసుకునేదాన్ని. ఆ నోట్సు అచ్చమాంబ గురించి. థీసిస్ ఇచ్చిన ఏడాదే అమ్మమ్మ పోయింది.

అచ్చమాంబ పేరు వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు మునగాల రాజా నాయని వెంకటరంగారావు దగ్గర దివాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఆ రాజా ఆదరణలోనే మొదలైంది. తెలుగు చదువుకీ స్త్రీ విద్యకీ జమీందారీ సొమ్ము పనికొచ్చిన మాట నిజం. 1930లలో అదే మునగాల రైతులు వెట్టికీ అక్రమ వసూళ్ళకీ వ్యతిరేకంగా ఆ జమీ మీదే పోరాడిన మాటా నిజం. మనం మొదటిదాన్ని సాహిత్య చరిత్రలోనూ రెండోదాన్ని రైతు ఉద్యమ చరిత్రలోనూ చదువుతాం. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నది తక్కువ. నా థీసిస్‌లోనూ పెట్టుకోలేదు.

రాత్రి భోజనం అయ్యాక నాకు మండువా పక్క గదిలో పక్క వేశారు. పందిరిమంచం, ఎక్కడానికి చిన్న మెట్టుపీట. పెద్దావిడ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆ గది ఆవిడ అత్తగారిదట.

“నన్ను కాపురానికి పంపేటప్పుడు నాతో ఒక పిల్లని పంపారు. నాకంటే రెండేళ్ళు చిన్నది. ఇదిగో, ఈ గడపకి అడ్డంగా పడుకునేది. రాత్రి నేను లేస్తే దానికి తెలియాలి. నాకు ముగ్గురు పుట్టేదాకా ఇక్కడే పడుకుంది.”

“తర్వాత?”

“తర్వాత ఎటో వెళ్ళిపోయింది” అన్నారు. కాసేపాగి, “వెళ్ళగొట్టారు” అన్నారు. నేనేమీ అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

తెలంగాణ గడీల్లో ఇలా పెళ్ళికూతురి వెంట పంపిన పిల్లల్ని ఆడబాపలన్నారు. బి. నరసింగరావు 1988లో తీసిన ‘దాసి’లో అర్చన వేసిన కమలాక్షి మనలో చాలామందికి గుర్తుంటుంది. అది చూసినప్పుడు ఇది నైజాం సంగతి, సర్కారు జిల్లాల్లో కాలువలొచ్చాయి, చదువులొచ్చాయి, సంస్కరణోద్యమం వచ్చింది అనుకున్నదాన్ని. మనకి అలా అనుకోవడం సుఖంగా ఉంటుంది. 1957 అంటే రాజ్యాంగం వచ్చి ఏడేళ్ళు.

నిద్ర పట్టలేదు. మంచం ఎత్తు మీద నించి చూస్తే గడప కిందికి, నీడలో ఉంది. ఆ గడప మీద ఒక మనిషి పడుకునే వెడల్పు ఉందా అని కొలుస్తూ ఉండిపోయాను. ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది జపాన్ ఇల్లు ఒకటి. ఒసాము దజాయ్ రాసిన ‘షాయో’ (అస్తమిస్తున్న సూర్యుడు) నవల ఇంగ్లీషులో చదివినప్పుడు ఆ ఇంటి గురించి కూడా చదివాను. యుద్ధం తర్వాత కూలిపోయిన ఒక కులీన కుటుంబం కథ అది. 1947లో వచ్చింది. అదే ఏడాది అమల్లోకొచ్చిన కొత్త రాజ్యాంగం ‘కజోకు’ అనే అక్కడి ప్రభువర్గాన్ని రద్దు చేసింది. భూసంస్కరణలో ప్రభుత్వం పెద్ద భూస్వాముల భూములు కొని కౌలుదార్లకి అమ్మింది. మన 1948 చట్టానికి ఇంచుమించు అటూ ఇటూగా. దజాయ్ పుట్టిన ఇల్లు ఉత్తరాన అవొమొరి ప్రాంతంలో కనగి అనే ఊళ్ళో ఉంది. వాళ్ళు బిరుదులున్న ప్రభువులు కారు, పెద్ద భూస్వాములు. 1907లో కట్టిన ఆ మహా భవంతి యుద్ధం తర్వాత చేతులు మారి, 1950లో సత్రంగా తెరుచుకుంది. నవల పేరు మీదే దానికి ‘షాయోకన్’ అన్న పేరొచ్చింది. 1996 దాకా డబ్బిచ్చిన ఎవరైనా ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకోవచ్చు. ఇప్పుడది మ్యూజియం.

నాకు గుర్తొచ్చింది ఆ సత్రం కాదు, నవల. దానికి ఆధారం ఓతా షిజుకో అనే స్త్రీ డైరీ. దజాయ్ అడిగితే ఇచ్చింది. ఆయన బిడ్డనీ కన్నది. నవల వచ్చిన మరుసటేడు ఆయన ఇంకో స్త్రీతో కలిసి నీళ్ళలో దూకి చనిపోయాడు. షిజుకో బిడ్డని ఒక్కతే పెంచింది. ఇంటికి నవల పేరు, నవలకి ఆయన పేరు. అడుగున ఉన్న నోటు పుస్తకం ఎవరిదో చెప్పాలంటే వెతికి చెప్పాలి. షిజుకోకి నోటు పుస్తకమైనా ఉంది, 1948లో తన పేరుతో అచ్చయింది కూడా. ఈ గడప మీద పడుకున్న పిల్లకి అదీ లేదు.

తెల్లవారాక మనవరాలు పంపిన ప్లాను కాయితం చూపించారు. ఏ గది దేనికో అందులో రాసి ఉంది. నేను పడుకున్నది ‘రాణీ సూట్’. వెనకవైపు దొడ్లో ఉన్న పెంకుటి పాక దగ్గర ‘రెస్టారెంట్’ అని ఉంది. దంపుడు బియ్యంతో సంప్రదాయ భోజనం పెడతారట. పాక చూపించమన్నాను. గచ్చులో దించిన రోళ్ళు నాలుగున్నాయి, రెండు పగిలిపోయాయి. ఒక్కో రోటి చుట్టూ గచ్చు అరిగి పల్లమైంది, అటూ ఇటూ ఇద్దరు నిలబడినచోట. చూరుకి రోకళ్ళు రెండు ఇంకా చెక్కి ఉన్నాయి. ఒకటి తీసి పట్టుకున్నాను. పొన్ను ఊడిపోయింది. నేననుకున్నదానికంటే బరువుంది.

అక్కడ చెప్పాను. “మా అమ్మమ్మ ఇక్కడ దంచేదండీ. పెళ్ళయ్యేదాకా.”

పెద్దావిడ వెంటనే ఏమీ అనలేదు. పేరడిగారు. చెప్పాను. చాలాసేపు ఆలోచించారు. గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు అబద్ధం ఆడనందుకు నాకావిడ మీద గౌరవం కలిగింది.

“దంపుడువాళ్ళు దొడ్డిగుమ్మం లోంచి వచ్చి అట్నించటే పోయేవాళ్ళు. మమ్మల్ని ఇటు రానిచ్చేవాళ్ళు కాదు. నాకు రోకలిపోటు వినపడేది, అంతే. పొద్దున్నే అది వింటూ లేచేదాన్ని. ఒకరోజు మిల్లు బియ్యం తెప్పించడం మొదలుపెట్టారు, చప్పుడు ఆగిపోయింది. ఎవరెవరు దంచారో చూడనే లేదు.”

గోడకి ఇటు ఒకరు, అటు ఒకరు. ఇద్దరూ ఒకే ఇంటి బందీలని ఒక వాక్యం నా నోటిదాకా వచ్చింది. మన వ్యాసాల్లో ఆ వాక్యం చాలాసార్లు చదివాను, నేనూ రాశాను. ఇక్కడ రాయలేను. ఆవిడ తిన్న అన్నం అమ్మమ్మ దంచింది. అమ్మమ్మ తిన్నది ఆ బియ్యంలో నూకలు. ఘోషా ఆవిడకి అమ్మమ్మని కనపడనివ్వలేదు. అమ్మమ్మకి ఆవిడ ఎప్పుడో పండగపూట తెర సందులోంచి కనపడిందట. “దొరసానమ్మ కాళ్ళు తెల్లగా ఉంటాయి” అనేది. చూసింది కాళ్ళే.

మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాను. చిట్టా ఆవర్జాలు దాచమనీ, వీలైతే ఫొటోలు తీయించి ఏదైనా యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వమనీ చెప్పాను. “మనవలతో చెప్తాను” అన్నారు. ఇంట్లో ఆవిడకీ వాటా ఉందట, ఎప్పుడో సంతకం పెట్టి ఇచ్చేశారు. పాకకి మాత్రం ఇంకేదన్నా పేరు పెట్టమన్నాను. “ఏం పేరు?” అన్నారు. దంపుళ్ళ పాక అన్నాను. “అది పేరేమిటమ్మా, అది పాకేగా” అన్నారు ఆవిడ, నిజంగానే అర్థంకాక.

బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ, రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టారు. దొడ్డివైపు నించి వెళ్తానన్నాను. “అటెందుకమ్మా, ఆడపిల్లవి, వీధిగుమ్మం లోంచి వెళ్ళు” అన్నారు. మళ్ళీ అడిగితే కాపలా మనిషిని తోడిచ్చి పంపారు. అతను గడియ మీద రెండుసార్లు రాయితో కొట్టాడు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కదల్లేదు. బస్సు టైమవుతోంది. వీధిగుమ్మం లోంచే వచ్చేశాను.